బండెడు కట్టెలు

తాండూరు,
8 ఫిబ్రవరి 1959

పెద్దమ్మా,

బాగున్నాను. కార్డు మీద పట్టినంతే రాస్తాను, కోప్పడకు. ఎక్కువ చోటు కనిపిస్తే నాకు మాటలు రావు.

ఈ ఇల్లు చాలా క్రమంగా నడుస్తుంది. పొద్దున్నే అత్తమ్మ ఐదు కట్టెలు లెక్కపెట్టి పొయ్యి పక్కన పెడుతుంది. రోజుకు అంతే. నిప్పును బూడిదలో కప్పిపెట్టి మర్నాడు ఊది లేపుతాం కాబట్టి అగ్గిపుల్ల అవసరం రాదు. ఎనిమిదింటికి కందిలి ఆర్పేస్తారు. అన్నం గిన్నె పెట్టెలో పెట్టి, గొంగడి కప్పి, మీద బండ పెడతాం. మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టకూడదు. నాకు ఇదంతా నచ్చింది.

జూన్‌లో ఇక్కడి ఆడపిల్లల బడిలో పంతులమ్మ పని ఉంది. ఆయన సరే అన్నారు. అత్తమ్మ, "పొయ్యి కాడ ఎవరు కూసుంటరు?" అన్నది.

చోటు అయిపోయింది.

సుగుణ


వికారాబాద్,
14 ఫిబ్రవరి 1959

బిడ్డా సుగుణా,

నీ కార్డు మూడుసార్లు చదివిన. మొదటిసారి కండ్లద్దాలు లేక తప్పు చదివిన్నేమో అనుకున్న. అద్దాలు పెట్టుకోని చదివినా గదే ఉన్నది.

ఐదు కట్టెలా? మన ఇంట్ల ఐదు కట్టెలు నీళ్లపొయ్యి కిందనే కాలుతయి. బండల గని ఉన్న ఇల్లు, తినేటోళ్లు నలుగురు. కట్టెలు లెక్కవెట్టుడేంది? అన్నం పెట్టెల పెట్టి బండ పెడ్తరా? మనం బర్లకు పెట్టే దాణా మీద గూడ బండ పెట్టం గద. ఎనిమిదింటికి దీపం ఆర్పితె నువ్వు పుస్తకం ఎప్పుడు పడ్తున్నవు?

మీ అమ్మ పోయిన్నాడు నీకు నాలుగేండ్లు. అప్పటి సంది నా బిడ్డవే. కాన్వెంటు సెలవులకు వచ్చి నాకు అఆలు నేర్పినవు. నలభై దాటినదాన్ని, పలక పట్టించినవు. రాస్తె నేను మాట్లాడినట్టే రాస్త, గది నీ తప్పు కాదు. నీ మొదటి శిష్యురాలిని నేనే. పంతులమ్మ పని నీకు కాక ఎవలకు? నిన్ను పొయ్యి కాడ కూసోవెట్టెటోళ్లు బడికి పంపుతరా అని నా ఫికర్.

కడుపు నిండ తింటున్నవా? అవునో కాదో, నిజం రాయి.

నీ పెద్దమ్మ
ఇంద్రమ్మ


తాండూరు,
20 ఫిబ్రవరి 1959

పెద్దమ్మా,

అవును. అందరూ మంచివాళ్లు. ఏమీ పంపకు. మామయ్యకు ఒళ్లు వెచ్చగా ఉంటోంది, పని ఎక్కువైంది. పెట్టె సంగతి తీరిగ్గా రాస్తాను.

సుగుణ


వికారాబాద్,
23 ఫిబ్రవరి 1959

బిడ్డా,

ఒక్క మాటల జవాబు రాసిన బిడ్డ సుఖంగ ఉన్నట్టు నేను నమ్మ. ఇంట్ల కట్టెలు పొదుపు చేసుడు చూసిన, నూనె పొదుపు చేసుడు చూసిన, మాటలు పొదుపు చేసుడు నీ కాడనే చూస్తున్న. "ఏమీ పంపకు" అని రాసినవంటె పంపుమని నాకు సమజయింది.

పొలం గట్టు మీది తుమ్మ కొమ్మలు నిరుడు కొట్టించినవి మంచిగ ఎండినయి. బండి నింపిన. ఎల్లుండి పొద్దుగాల మన జీతగాడు ఈరయ్య బయలుదేరుతడు. నడుమ ఒక కాడ పండుకోని గురువారం నీ వాకిట్ల ఉంటడు. వాని నోరు నీకు ఎరుకనే గద, ఒకటి అడిగితె పది చెప్తడు. అందుకే గట్టిగ చెప్పిన: "ఎవ్వలతోని మాట్లాడకు. తల వంచుకోని కట్టెలు దించు, బిడ్డ మొఖం చూడు, వాపస్ రా."

మంచిగ మంట పెట్టి వండుకోని తిను.

పెద్దమ్మ


తాండూరు,
4 మార్చి 1959

పెద్దమ్మా,

ఈసారి కవరు తెప్పించుకున్నాను. కార్డుల మీద రాసినందువల్ల ఏం జరిగిందో చెప్పాలంటే కార్డు చాలదు.

ఈరయ్య బండి గురువారం పొద్దెక్కాక వచ్చింది. అప్పటికి మామయ్య మూడు రోజులుగా జ్వరంతో ఉన్నారు. అర్రలో ఉక్కగా ఉందని వాకిలి పక్క అరుగు మీద మంచం వేసుకుని, ఈగలు ముసురుతున్నాయని తెల్ల దుప్పటి తల మీదిదాకా కప్పుకుని నిద్రపోతున్నారు. అత్తమ్మ లోపల జావ కాస్తోంది. నేను బావి దగ్గర ఉన్నాను.

నువ్వు వద్దన్నావని ఈరయ్య ఎవరినీ పలకరించలేదు. బండి ఆపి, చెమట పట్టిందని రుమాలు తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని కట్టెలు దించడం మొదలుపెట్టాడు. ఎదురింటి భాగమ్మ అది చూసింది. చెప్పాపెట్టకుండా బండెడు కట్టెలు చావింటికి తప్ప ఎవరూ తేరు కదా. పైగా తెచ్చింది కోడలి పుట్టింటి మనిషి. నెత్తిన రుమాలు లేదు, నోట మాట లేదు. పక్కనే మంచం మీద ముసుగేసిన మనిషి.

భాగమ్మ వాకిట్లోనే కూలబడి ఏడుపు ఎత్తుకుంది. "అయ్యో బావా, నిన్న తంబాకు అడిగితివి గద, జ్వరమున్నదని ఇయ్యకపోతి గద."

ఆ ఏడుపు విని నలుగురు వచ్చారు. వాళ్లను చూసి పది మంది వచ్చారు. ఎవరో గనికి పరుగెత్తారు. గనిలో పని ఆపేసి ముప్పై మంది మీ అల్లుడి వెనక బయలుదేరారు. నేను బిందె అక్కడే వదిలి వచ్చేసరికి వాకిలి నిండిపోయి ఉంది. అప్పుడు మామయ్య దుప్పటి తీసి లేచి కూర్చుని, చుట్టూ చూసి, "ఎవరు పోయిండ్రే?" అన్నారు.

భాగమ్మ ఏడుపు ఆపకుండానే, "నువ్వే" అన్నది.

అంతటితో ఆగిపోయినా బాగుండేది. అత్తమ్మ బయటికి వచ్చి, "ఎవలు పంపిండ్రు గీ కట్టెలు?" అని ఈరయ్యను అడిగింది. ఎన్ని మాటలు ఆపుకుని ఉన్నాడో, అన్నీ అప్పుడే వచ్చేశాయి. "మా అమ్మ పంపింది. మీ ఇంట్ల కోడలికి కట్టెలు లెక్కవెట్టి ఇస్తరంట గద. అన్నం పెట్టెల పెట్టి బండ పెడ్తరంట గద. మా అమ్మ తిండి తింటలేదు." అంతమంది ముందు చెప్పాడు.

అత్తమ్మ విని లోపలికి వెళ్లింది. ఈరయ్యకు అన్నం పెట్టింది. ఎడ్లకు చొప్ప వేయించింది. ఆ తర్వాత ఐదు రోజులు నాతో మాట్లాడలేదు.

తప్పు నాది. సగం చెప్పి ఊరుకున్నాను. మిగతా సగం ఇది.

పెట్టె నాదే పెద్దమ్మా. కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ నేర్పింది. చాయపత్తి వచ్చే చెక్కపెట్టెలో వరిగడ్డి గట్టిగా కుక్కి, మధ్యలో గిన్నె పట్టే గుంట చేయాలి. బియ్యం ఒక పొంగు రాగానే మూత పెట్టి గిన్నెను గుంటలో దించాలి. పైన గడ్డిమెత్త, దాని మీద గొంగడి, గొంగడి కదలకుండా బండ. గొంగడి ఈ ఊరి నేతగాడు బీరన్న నేసింది, ఒక్క చిల్లు లేదు. వేడి బయటికి పోదు. అన్నం దానంతట అదే ఉడుకుతుంది. మధ్యలో తెరిస్తే వేడి పోతుంది కాబట్టి ఎవరూ ముట్టకూడదు. పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేదు. అందుకే చేశాను. "పొయ్యి కాడ ఎవరు కూసుంటరు" అన్న మాటకు అది నా జవాబు. నోటితో చెప్పలేక పెట్టెతో చెప్పాను.

ఐదు కట్టెల సంగతి కూడా పిసినారితనం కాదు. రజాకార్ల గడబిడలప్పుడు నెల రోజులు వాకిలి తలుపు తీయకుండా, ఇంట్లో ఉన్న కట్టెలతోనే అత్తమ్మ అందరికీ వండి పెట్టిందట. అప్పటినుంచి లెక్క అలవాటైంది. అందరూ ఒకే గిన్నెలోది తింటాం. నేను వచ్చినప్పటికంటే లావయ్యాను. పుస్తకం పొద్దున వెలుతురు రాగానే దర్వాజా దగ్గర చదువుకుంటున్నాను.

నిన్న అత్తమ్మ మాట్లాడింది. "ఇంటికి వచ్చిన కట్టెలు వాపస్ పోవద్దు. అట్లని నా కుప్పల కలవద్దు. రేపటి సంది వంటకైనా, నీళ్లకైనా గీ బండి కట్టెలే. బడి తెరిచే పొద్దుకు ఒక్క కట్టె మిగిలినా నువ్వు బడికి పో. మిగలకపోతే బడి మాట ఎత్తకు."

బడి జూన్ పదిహేనున తెరుస్తారు. అక్కడి పెద్ద పంతులమ్మ ఆ రోజు దాకా నా కోసం ఆగుతానన్నారు. కట్టెలు మూడు వందల పన్నెండు ఉన్నాయి. రోజుకు ఐదు కాలిస్తే రెండు నెలలు వస్తాయి. నాకు మూడున్నర నెలలు రావాలి. అంటే రోజుకు మూడు.

నాకు ఆ పని కావాలి పెద్దమ్మా. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సుగుణ


వికారాబాద్,
9 మార్చి 1959

బిడ్డా,

నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. ముందుగాల నవ్విన, తర్వాత ఏడ్చిన, మల్ల భాగమ్మ మాట యాదికొచ్చి నవ్విన.

ఈరయ్య వచ్చి, "మంచోళ్లమ్మా, అన్నం పెట్టిండ్రు, బెల్లం గూడ పెట్టిండ్రు" అన్నడు. గంతే. ఊరంతా కూడిన సంగతి చెప్పనే లేదు. నీ ఉత్తరం చదివి, "ఎందుకు చెప్పలేదురా?" అంటె, "మాట్లాడకు అన్నవు గద" అన్నడు.

మీ అత్త దేవమ్మ వదినె మొఖం నేను ఎట్ల చూడాలె? వచ్చి కాళ్లు పట్టుకుందామంటె, మల్ల ఏం మోసుకొచ్చిందో అనుకుంటది. తను పిలిచిన్నాడు వస్త. పిలువకపోతె రాను. గిది నా శిక్ష.

ఇగ పని మాట. రోజుకు మూడు కట్టెలంటె జర తెలివితోని చెయ్యాలె. కందిపప్పు తెల్లారేసరికి నానిపోవాలె, నానబోసినంక పండుకో. గిన్నె మీద ఊకె మూత పెట్టకు, నీళ్లు పోసిన చెంబు పెట్టు, అన్నం పొంగేటాల్లకు చెంబుల నీళ్లు కాగుతయి. పొయ్యికి పక్కన ఇంకో కన్ను తీసి మన్నుతోని మెత్తు, ఒక్క మంటకు రెండు గిన్నెలు కాగుతయి. తానాల నీళ్లు పొద్దుగాల బిందెల పోసి ఎండల పెట్టు. చైత్రం ఎండకు కట్టె ఎందుకు? సూర్యుడు మన ఈరయ్య లెక్క, చెప్పకున్నా చేస్తడు.

గెలువు. నా పేరు చెప్పకుంట గెలువు.

పెద్దమ్మ


తాండూరు,
12 ఏప్రిల్ 1959

పెద్దమ్మా,

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. పక్క కన్ను బాగా పని చేస్తోంది. ఎండలో పెట్టిన నీళ్లకు ఇప్పుడు చన్నీళ్లు కలుపుకోవాల్సి వస్తోంది.

జొన్నరొట్టె ఒక్కటే పెట్టెకు లొంగదు. దానికి మంట కావాలి. అందుకని వెలుతురు రాకముందే ఒకే మంట మీద అందరి రొట్టెలూ చేసేసి, పక్క కంట్లో పప్పు పొంగించి పెట్టెలోకి దించుతాను. ఏడింటికల్లా నా చేతులు ఖాళీ.

పందెం మొదలయ్యాక మొదటి వారం అత్తమ్మ ఇంకా కోపం పోక పెట్టెలో అన్నం తినలేదు. రొట్టె తిని లేచేది. మామయ్య మాత్రం పెట్టె పక్కనే మంచం వేయించుకున్నారు. జ్వరం తగ్గాక ఆయనకు వేరే పని లేదు. "కోడి పొదిగినట్టు పొదుగుతున్నది, పిల్లలెప్పుడు లేస్తయి?" అని గంటకోసారి అడుగుతారు. ఒకరోజు ఆగలేక గొంగడి ఎత్తి చూశారు. ఆ మధ్యాహ్నం పప్పు పలుకులు పలుకులుగా ఉంది. ఎవరు తెరిచారని నేను అడగలేదు. అత్తమ్మ మాత్రం ఆయన కంచంలో రెండు గరిటెలు ఎక్కువ వేసి, "నువ్వు తెరిచినవు, నువ్వే నములు" అన్నది. నాకు నవ్వు వచ్చి బావి దగ్గరికి వెళ్లిపోయాను.

మర్నాటి నుంచి అత్తమ్మ మళ్లీ పెట్టెలో అన్నం తింటోంది. బాగుందనలేదు. రెండోసారి వడ్డించుకుంది.

గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీస్తున్నాను. లెక్క సరిగ్గా నడుస్తోంది.

సుగుణ


వికారాబాద్,
3 మే 1959

బిడ్డా,

నేను గూడ పెట్టె చేసిన. గడ్డి కుక్కిన, గుంట తీసిన, పాత గొంగడి కప్పిన. తెల్లారి అన్నం గిన్నె దించుదామని తెరిస్తె పిల్లి మూడు పిల్లలను పెట్టి పండుకున్నది. మీ మామకు చెప్పు, నా పెట్టెల పిల్లలు లేచినయని.

ఇంకో పెట్టె చేసెటాల్లకు వారం పట్టింది. ఇప్పుడు నా కాడ గూడ కట్టెలు మిగులుతున్నయి. మిగిలిన కట్టెలు ఎవలకూ పంపుతలేను.

వదినె నా మాట ఏమన్న ఎత్తిందా? ఎత్తకుంటె ఎత్తలేదని రాయి, బాధపడ.

పెద్దమ్మ


తాండూరు,
31 మే 1959

పెద్దమ్మా,

ఒక్క సంగతి అడగాలి. నిజం చెప్పు.

ఈ నెల మధ్యలో మా ఆడబిడ్డ నలుగురు పిల్లలతో వచ్చి రెండు వారాలు ఉండి, నిన్న వెళ్లింది. పిల్లలు మంచివాళ్లు. కానీ రోజూ భక్షాలనీ సర్వపిండనీ పొయ్యి ఆరలేదు. రోజుకు మూడు కాదు, ఆరు కట్టెలు కాలాయి. చుట్టాల ముందు కట్టెలు లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. నా లెక్క ప్రకారం ఈపాటికి కుప్పలో ఆరు మిగలాలి. అంటే ఎల్లుండితో అయిపోవాలి. బడికి రాలేనని పెద్ద పంతులమ్మకు ఎలా చెప్పాలో మనసులో రాసుకున్నాను కూడా.

ఇవాళ కుప్ప లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదే.

కట్టెలు పిల్లలు పెట్టవు పెద్దమ్మా. ఈరయ్య మళ్లీ వచ్చాడా? మేము నిద్రలో ఉన్నప్పుడు దొడ్డిగోడ మీదినుంచి వేసి వెళ్తున్నాడా? నువ్వు పంపి ఉంటే చెప్పు. దొంగగెలుపు నాకు వద్దు. పిల్లల ముందు నిలబడి నిజం చెప్పమని ఎలా చెబుతాను? అత్తమ్మతో ఉన్నది చెప్పేసి ఓడిపోతాను.

సుగుణ


వికారాబాద్,
4 జూన్ 1959

బిడ్డా,

నా కండ్లద్దాల మీద ఒట్టు, నేను పుల్ల గూడ పంపలే. ఈరయ్య ఎడ్లకు గిట్టలరిగి నెల సంది బండి కట్టలే.

నీకు పుస్తకాల లెక్కలు వచ్చు గని బూడిద చదువుడు రాదు. జర పోయి మీ బూడిద గుంత చూడు. తుమ్మకట్టె బూడిద తెల్లగ, పిండి లెక్క ఉంటది. కందికట్టె బూడిద తేలికగ, ఊదితె లేస్తది. పిడక బూడిద కాలినంక గూడ పిడక ఆకారమే నిలవెడ్తది, ముట్టుకుంటెనే రాలుతది. గుంతల ఏమున్నదో చూసి, గప్పుడు నన్ను దొంగ అను.

దూరమున్నదాన్ని అనుమానపడినవు. పక్కన్నే ఉన్నోళ్లను చూసినవా?

పెద్దమ్మ


తాండూరు,
15 జూన్ 1959

పెద్దమ్మా,

నన్ను క్షమించు. రెండు కవర్ల కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ చోటు చూస్తే భయం వేయడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే దొడ్లోకి వెళ్లి బూడిద గుంత చూశాను. తెల్లబూడిద ఒక పక్కన కొంచెమే ఉంది. మిగతాదంతా గుండ్రంగా, చేతివేళ్ల అచ్చులతో సహా నిలబడి ఉన్న పిడకల బూడిద. ఆ అచ్చులు ఎవరివో నాకు తెలుసు. పిడకలు కొట్టేది అత్తమ్మే.

మర్నాడు పెందలాడే లేచాను. నాకంటే ముందే లేచి అత్తమ్మ దొడ్డిపొయ్యిలో పిడకలూ కందికట్టెలూ వేసి పెద్ద గుండిగ కింద మంట చేస్తోంది. ఆడబిడ్డ పిల్లలు ఉన్నన్ని రోజులూ నేను బయటపెట్టిన కట్టెల్లో రెండు మూడు వెనక్కి తీసుకెళ్లి కుప్పలో పెట్టి, వాటి బదులు ఇవే కాల్చిందట. నన్ను చూసి కూడా కదలలేదు. మంట సవరిస్తూ, "కందికట్టెకు పురుగు వడ్తున్నది. ఊకె పారేస్తరా?" అన్నది.

పిడకలకు కూడా పురుగు పడుతుందా అని నేను అడగలేదు.

"అత్తమ్మా, అట్లయితే నేను ఓడినట్టే" అన్నాను. ఆమె ముందు అంత పొడుగు వాక్యం ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె నా వైపు చూసి, "కట్టె మిగలాలె అన్న. ఎట్ల మిగలాలెనో అన్ననా?" అన్నది. తర్వాత మంటలో ఇంకో పిడక వేసి, "నీ రెండు చేతులు రెండు నెలల సంది ఏడింటికే ఖాళీ అయితున్నయి. నేను చూస్తలేనా?" అన్నది.

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. అత్తమ్మ పిడకల మంట ఆపలేదు, ఇవాళ పొద్దున కుప్పలో ఏడు కట్టెలు ఉన్నాయి. నేను బడికి వెళ్లాను.

ముప్పై ఒక్క మంది పిల్లలు. భాగమ్మ మనవరాలు ముందు వరసలో కూర్చుని, "మా అవ్వ ఏడ్చింది మీ ఇంట్లనేనా పంతులమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత పలకల మీద 'అ' రాయించాను. నువ్వు మొదట రాసిన 'అ' తలకిందులుగా ఉండేది, గుర్తుందా? ఇవాళ అలాంటివి నాలుగు చూశాను.

ఇంటికి వచ్చేసరికి ఆ ఏడు కట్టెలు కుప్పలో లేవు. అత్తమ్మ వాటిని తాడుతో కట్టి అటక మీద పెట్టింది. పొయ్యిలో తన కుప్పలోని కట్టెలు కాలుతున్నాయి. ఎందుకని అడిగాను.

"గవి ముట్టకు. మీ పెద్దమ్మకు రాయి, రమ్మని. ఆమె కట్టెలతోనే ఆమెకు వండి పెడ్త. పెట్టెల గాదు. పొయ్యి మీద. నువ్వు బడికి పో, పొయ్యి కాడ నేను కూసుంట."

మామయ్య, ఈసారి ఈరయ్యను ఊరి బయటినుంచే మాట్లాడుకుంటూ రమ్మని రాయమన్నారు. భాగమ్మకు కూడా ముందే చెప్పి ఉంచుతారట.

కాగితం అయిపోయింది, అంచున రాస్తున్నాను. ఏడు కట్టెలు రెండు రోజులకు పైనే వస్తాయి, పెద్దమ్మను ఉంచుకుందాం అని అత్తమ్మతో అన్నాను. ఆమె వినడం లేదు. నువ్వు వచ్చిన పూటే ఏడూ కాలుస్తుందట.

సుగుణ